గాడిద గుడ్డు అడిగిన కాకి

ఒక రాజుకి విత్తనాలు కావలసి వచ్చాయి.

తొలకరి దగ్గర పడింది. కోట గుమ్మంలో ఒక రైతు ఆడమనిషి ఖాళీ గంప పెట్టుకుని కూర్చుంది. "ఉంటే ఉన్నాయనండి, లేకపోతే లేవనండి బాబూ" అంది. "లేవంటే ఏరు దాటి పొరుగూరు పోయి అడుక్కుంటా. వానొచ్చి ఏరు పొంగితే ఇక దాటలేను. ఈ ఏడు నా చేను బీడే."

రాజు మంత్రి వైపు చూశాడు. "మన గాదెలో విత్తనాలు దండిగా ఉన్నాయి ప్రభూ. కాకపోతే అవి ఆపదకి దాచినవి. ముందు కొండమీద కనుక్కుందాం" అన్నాడు మంత్రి.

కొండమీద ఒక పెద్ద కొఠారు ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళ సామానూ అక్కడే దాస్తారు. అంత దూరం ఊరికే బళ్ళు తోలడం దండగని, ముందు వెళ్ళి అడిగి రావడానికి రాజు ఒక కాకిని పెట్టుకున్నాడు. కాకి బస్తాలు మోయనక్కర్లేదు, లోపలికి తొంగి చూడనక్కర్లేదు. గుమ్మం మీద వాలి ఉందా అని అడిగి, జవాబు పట్టుకుని వచ్చేస్తే చాలు. కాకికి ఆ ఉద్యోగమంటే కాస్త గర్వం కూడా.

అది వెళ్ళి గుమ్మం మీద వాలింది. "మా రాజుగారి విత్తనాలు ఉన్నాయా?"

"దయచేయండి" అన్నాడు ద్వారపాలకుడు, చేతులు జోడించి.

కాకి సంబరంగా తిరిగొచ్చి ఉన్నాయని చెప్పింది. బళ్ళు కట్టారు. పొద్దు వాలాక అవే బళ్ళు తిరిగొచ్చాయి. ఒక్కో బండిలో ఒక్కో తాంబూలం ఉంది, గింజ మాత్రం లేదు. పడమట మబ్బు పట్టింది. గుమ్మంలో ఆడమనిషి మబ్బు వంకా ఏటి వంకా మార్చి మార్చి చూస్తోంది. ఆమెను చూసి కాకికి సిగ్గేసింది.

నిజానికి ద్వారపాలకుడు అబద్ధాలకోరు కాడు. మన ఇళ్ళలో బియ్యం అయిపోయాయని ఎవరూ నోటితో అనరు కదా, ఆ కొఠారులో అదే ఆనవాయితీ. గుమ్మంలో నిలబడి లేదంటే లక్ష్మి అలిగి వెళ్ళిపోతుందని వాళ్ళ భయం. ఎవరొచ్చినా దయచేయమంటారు, తాంబూలం ఇస్తారు, నవ్వుతూ సాగనంపుతారు. మర్యాదకేం లోటు లేదు.

తెల్లారగానే కాకి మళ్ళీ వెళ్ళింది. ఈసారి విత్తనాల ఊసే ఎత్తలేదు.

"గాడిద గుడ్డు ఉందా?"

"దయచేయండి" అన్నాడు ద్వారపాలకుడు. "ఎన్ని కావాలి?"

కాకి నవ్వాపుకుంటూ ఎగిరొచ్చి సభలో వాలింది. "ప్రభూ, గాడిద గుడ్డు కూడా ఉందన్న చోట విత్తనాలున్నాయన్నా ఒకటే, లేవన్నా ఒకటే" అంది.

సభంతా ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా మంత్రి నవ్వాడు. "పోనీండి ప్రభూ, ఆ కొండవాళ్ళతో మనకెందుకు? మన గాదె ఉందిగా" అన్నాడు.

రాజు నవ్వలేదు. మంత్రి వైపు తిరిగాడు.

"మంత్రీ, మన గాదెలో గాడిద గుడ్డు ఉందా?"

"చిత్తం ప్రభూ. ఇప్పుడే తెప్పిస్తాను."

సభలో ఎవరికీ నవ్వు రాలేదు. రాజు ఇన్నేళ్ళుగా ప్రజలు సుఖంగా ఉన్నారా అని అడిగినప్పుడల్లా ఈ నోటితోనే చిత్తం అనిపించుకున్నాడు. లేచి చెప్పులు తెమ్మన్నాడు. ఉన్నాయి ప్రభూ అన్నారు పదిమందీ. ఎవరూ కదల్లేదు. రాజు వట్టి కాళ్ళతోనే నడిచాడు.

గాదె తలుపు తెరిస్తే ఒక ఎలుక బయటికొచ్చింది. అది కూడా బక్కచిక్కి ఉంది.

రాజు గుమ్మంలోకి వచ్చి ఆడమనిషి ముందు నిలబడ్డాడు. ఆ మాట అలవాటు లేక నోరు తిరగలేదు. గొంతు సవరించుకున్నాడు.

"విత్తనాలు లేవమ్మా" అన్నాడు.

వెనక మంత్రి చెవులు మూసుకున్నాడు. ఆమె మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "ఈ ముక్క నిన్ననే అనుంటే ఈపాటికి ఏరు దాటేసేదాన్ని బాబూ" అంటూ కొంగు నడుముకి దోపుకుంది. గంప ఎత్తబోతుంటే ఒక పక్క రాజు పట్టుకున్నాడు. మొదటి చినుకులు పడుతుండగా ఇద్దరూ ఏట్లో దిగారు. నీళ్ళు ఇంకా మోకాలి లోతే.

కాకి వాళ్ళకంటే ముందే అవతలి ఒడ్డుకి ఎగిరింది, పొరుగూళ్ళో గాడిద గుడ్డు ఉందేమో అడిగి రావడానికి.