పళ్ళు వదిలేసిన పురుగు

దినకర్ చేసిన గెంతే యంత్రం మళ్ళీ బోర్లాపడింది.

కూలిన ఇళ్ళ కింద చిక్కుకున్నవాళ్ళను వెతకడానికి దాన్ని తయారుచేశాడు. శిథిలాల మీద అది మిడతలా దూకుతూ పోవాలి. రెండు కాళ్ళూ ఒకే క్షణంలో తన్నాలి. అందుకని కాళ్ళ మొదట్లో, ఒకదాన్నొకటి పట్టి తిప్పేలా రెండు పళ్ళచక్రాలు పెట్టాడు. నేల గట్టిగా తగిలితే చాలు, ఒక పన్ను విరిగేది. తెల్లారితే అగ్నిమాపక దళం ముందు పరీక్ష.

"ఆ చక్రాలు తీసేసి చూడరాదూ?" అంది ప్రొఫెసర్ మంగతాయారు. ఉద్యోగమంతా పురుగుల కాళ్ళు చూస్తూ గడిపిన మనిషి.

"పళ్ళచక్రం మనిషి మేధస్సు సాధించిన విజయం మేడమ్. ప్రకృతికి చేతకానిది మనం చేశాం. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకూడదు."

"ఉపన్యాసం బాగుంది. ఇలా రా."

మైక్రోస్కోప్ కింద చిన్న గాజు డబ్బా పెట్టింది. అందులో ఒక పిల్లపురుగు. వరిని పీల్చే సుడిదోమకు చుట్టం. బియ్యపు గింజలో సగం కూడా లేదు.

దినకర్ కన్ను ఆనించాడు. చాలాసేపు కదల్లేదు.

వెనక కాళ్ళ మొదట్లో, వంపు తిరిగిన రెండు వరసల పళ్ళు. ఒకదాని సందులో ఒకటి, ఎవరో కూర్చుని ఓపిగ్గా అరగదీసి అమర్చినట్టు.

"ఇవి పళ్ళచక్రాలే," అన్నాడు. కాసేపటికి ముఖం వెలిగింది. "అయితే నాదే సరైన దారి. ప్రకృతే సాక్ష్యం."

"ఇందాక దానికి చేతకాదన్నావు," అంటూ ఆమె డబ్బా మార్చింది. "ఇదీ ఆ జాతే. పూర్తిగా ఎదిగింది."

దినకర్ వెతికాడు. రెండు నున్నటి కీళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. అంతే.

"పళ్ళేవి?"

"చివరి కుబుసంతో పాటు వదిలేసింది. పిల్లకి పన్ను విరిగినా భయం లేదు, కుబుసం విడిస్తే కొత్తవి వస్తాయి. దీనికి ఇంకో కుబుసం లేదు."

"మరి పళ్ళు లేకుండా ఎలా దూకుతుంది?"

ఆమె మూత తీసింది.

దినకర్ రెప్ప వెయ్యలేదు. అయినా అది ఎప్పుడు లేచిందో కనిపించలేదు. తలెత్తేసరికి బల్ల ఆ చివర నింపాదిగా కూర్చుని ఉంది.

అది బెదురుతుందేమోనని ఊపిరి బిగపట్టి దగ్గరికి వెళ్ళాడు. దాని ముందు వంగి అలాగే నిలబడిపోయాడు.

"దీని దగ్గర నా చదువే ఇంకా పూర్తి కాలేదు," అంది ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ.

దినకర్ యంత్రం దగ్గరికి వచ్చి, పళ్ళచక్రాలు విప్పడానికి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.