చుక్కమ్మ వండిన గోధుమ మాంసం

ఎర్రరాళ్ళ గుట్ట మీద దుమ్ములగొండి నవ్వాడంటే కుందేళ్ళు మేత మానేసేవి, నెమళ్ళు కొమ్మ దిగేవి కావు. వాడు ఎవరి గుమ్మం ముందు నవ్వితే ఆ ఇంట్లో పిల్ల పోయినట్టే. చుక్కమ్మ అనే మేకకి కిందటేడు పెద్దకూతురు అలాగే పోయింది. ఈ ఏడు వాడు మళ్ళీ ఆ గుడిసె ముందుకే వచ్చి నవ్వాడు.

చుక్కమ్మ మిగిలిన ఒక్క కూతురు బుజ్జిని వెనక్కి నెట్టి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మామా, దీని ఒంట్లో ఏముంది, అన్నీ ఎముకలే. వదిలెయ్. వారం వారం నీకు మెత్తటి మాంసం వండి పెడతాను. ఒక్క ఎముక తగిలితే అప్పుడు అడుగు."

వాడు దవడ నిమురుకున్నాడు. "ఎముకే ఉండదా? సరే. ఒక్క వారం తప్పినా నీ పిల్లే నాకు కూర."

గడ్డి తినే మేకకి మాంసం ఎక్కడిది! ఊరి చివర పిండిమర దగ్గర రాలిన గోధుమపిండే ఆమెకి దిక్కు. దాన్ని గట్టిగా కలిపి, గంటసేపు నీళ్ళలో నానబెట్టి, పిసికి పిసికి కడిగేది. తెల్లనీళ్ళన్నీ పోయాక గిన్నెలో సాగే జిగురుముద్ద మిగిలేది. ముక్కలు చేసి, అల్లం, వెల్లుల్లి, మిరియాలు వేసిన నీళ్ళలో సన్నని సెగ మీద ఉడికిస్తే అచ్చం మాంసంలా పీచుపీచుగా ఉండేది. ఒకసారి కలిపిన పిండి వానలో తడిసిపోతే, పారెయ్యడానికి మనసొప్పక నేర్చుకున్న వంట అది. అప్పుడు ఆకలికి వండింది, ఇప్పుడు ప్రాణానికి వండుతోంది.

మూడు వారాలు దుమ్ములగొండి లొట్టలేసుకుంటూ తిన్నాడు. వాడు గిన్నె నాకి వెళ్ళేదాకా చుక్కమ్మ ఊపిరి బిగబట్టుకునే ఉండేది. వాడు వదిలేసిన ఎముకల మీద బతికే నక్కకి మాత్రం ఈ వంట అస్సలు గిట్టలేదు.

"దొరా, ఆ మేక నీకోసం ఎవర్ని చంపుతోంది? గుట్ట మీద ఒక్క తల తగ్గలేదే! ఈసారి వండకముందే వెళ్ళి చూడు."

నాలుగో వారం మిట్టమధ్యాహ్నం ఇద్దరూ వచ్చిపడ్డారు. చుక్కమ్మ అప్పుడే ముద్ద కడగడం ముగించింది. గుడిసెలో నెత్తురు లేదు, తోలు లేదు. మూలన బుజ్జి వణుకుతోంది. పారిపోదామంటే ఉన్నది ఒక్కటే గుమ్మం, అందులో వాడే నిలబడ్డాడు.

"ఏంటే ఇది?"

"నీ కూరే మామా." అంది చుక్కమ్మ.

"నెత్తురేదీ?" అన్నది నక్క.

"కడిగేశాను."

"మసాలా పడితే ఏదైనా మాంసమే దొరా. పచ్చిది కొరికి చూడు, తెలిసిపోతుంది."

"వద్దు మామా! పచ్చిది పళ్ళకి పట్టుకుంటుంది, ఊడి రాదు!" భయంలో నిజమే బయటికొచ్చింది.

దుమ్ములగొండి కళ్ళు చిన్నవయ్యాయి. "వద్దంటున్నావంటే ఏదో దాస్తున్నావన్నమాట."

ఆ కళ్ళు చూడగానే చుక్కమ్మకి తట్టింది, తను ఏది వద్దంటే వాడు అదే చేస్తాడని. గిన్నెని పొట్ట కిందికి లాక్కుని ఇంకా గట్టిగా ఏడ్చింది. "నీ కాళ్ళు పట్టుకుంటాను, ముద్ద మొత్తం మాత్రం నోట్లో పెట్టుకోకు!"

వాడు ఆమెని పక్కకి తోసి ముద్ద మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. రెండోసారి నమిలేసరికి దవడలు సగంలో ఆగిపోయాయి. నవ్వబోతే ముక్కులోంచి గాలొచ్చింది. పంజా పెట్టి లాగితే జిగురు మూరెడు సాగి, చప్పున వెనక్కి వచ్చి మూతికి అంటుకుంది. ఒళ్ళు మండి రెండు పంజాలతో పట్టుకుని పీకాడు. ముద్ద ఊడింది. దాంతోపాటు ముందుపళ్ళన్నీ ఊడొచ్చాయి.

ఇన్నాళ్ళూ గుట్టంతా గడగడలాడింది ఈ ఊగే పళ్ళకా! చుక్కమ్మకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

నక్క ఆ పళ్ళు చూసింది, బోసినోరు చూసింది. "ఏరా, ఇకమీదట నీకు గంజి కాచి పొయ్యడానికి నేను రావాలా?" అంటూ తన దారిన పోయింది.

చుక్కమ్మ కన్నీళ్ళు తుడుచుకోకుండానే కొమ్ములు వంచింది. దుమ్ములగొండి ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ గుమ్మం దాటాడు.

భయపెట్టి బతికేవాడికి ఎదుటివాళ్ళు చెప్పిన నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.