కొండబండి

కొండల మీద యుద్ధం వచ్చింది. రాజుగారి బండ్లు కొండ ఎక్కలేకపోయాయి. బురదలో కూరుకుపోయేవి, రాళ్ళ మీద ఇరుసులు విరిగేవి. పైన ఉన్న సైనికులకు తిండి అందలేదు.

రాజు బండ్లు చేసే కనకాచారిని పిలిపించి, ఎక్కడా ఆగని బండి కావాలన్నాడు. అందంతో పని లేదన్నాడు. కనకాచారి కొండదారి నడిచి చూసి వచ్చి, చక్రాలు ఎత్తుగా, తొట్టి పొట్టిగా ఒక బండి చేశాడు. దానికి పైకప్పు లేదు, మెత్తలు లేవు. ఎక్కినవాడికి నడుము పట్టేసేది. కానీ వాగులో దిగితే అవతలి గట్టు ఎక్కేది. సైనికులు దాన్ని కొండబండి అన్నారు.

అలాంటి బండ్లు చాలా చేయించారు. వాటిని తోలినవాళ్ళలో గంగులు ఒకడు. బియ్యం పైకి మోసి, గాయపడ్డవాళ్ళను కిందికి తెచ్చేవాడు. యుద్ధం గెలిచాక రాజు ఎవరు తోలిన బండి వాళ్ళకే ఇచ్చేశాడు. గంగులు తన బండిని కొండమీది తన పల్లెకు తోలుకుపోయాడు. అంతకుముందు ఆ పల్లెకు ఉప్పు కూడా నెత్తిన మోసుకొచ్చేవారు. కాన్పు కష్టమైతే ఆశ వదిలేసుకునేవారు. బండి వచ్చాక పట్నం దగ్గరైంది. తల్లీబిడ్డా క్షేమంగా తిరిగొచ్చిన ఇళ్ళలో గంగులు పేరు చెప్పుకునేవారు.

ఒకసారి ఆ బండి పట్నం వీధిలో పోతుండగా సోమిశెట్టి చూశాడు. అతను పట్టు వర్తకుడు. జనం పక్కకు తప్పుకోవడం, మిగతా బండ్లలోవాళ్ళు తలెత్తి గంగులును చూడడం అతని కంటపడ్డాయి. నేరుగా కనకాచారి దగ్గరకు వెళ్ళి, తనకూ అలాంటిదే కావాలన్నాడు.

"కొండ మీద ఏం పని పడింది శెట్టిగారూ?" అన్నాడు కనకాచారి.

"ఏ పనీ లేదు ఆచారీ. వెళ్ళాలనుకుంటే వెళ్ళగలనని తెలిస్తే చాలు."

యుద్ధం అయిపోయాక కనకాచారికి పని తగ్గింది. సరేనన్నాడు. శెట్టి భార్య నడుము నొప్పి అంటే మెత్తలు వేశాడు. ఎండ అంటే కప్పు వేశాడు. ఇంటిల్లిపాదీ పట్టాలంటే తొట్టి పొడవు పెంచాడు. కుదుపు తెలియకుండా దాన్ని తోలుపట్టీల మీద వేలాడదీశాడు. చక్రాల ఎత్తు మాత్రం తగ్గించవద్దని శెట్టి గట్టిగా చెప్పాడు.

పెద్ద బండ్లు అంగడివీధిలోకి రాకూడదని పట్నంలో కట్టడి ఉంది. కొండబండ్లకు మాత్రం అది వర్తించదు, అవి యుద్ధం గెలిపించిన బండ్లు. కావలివాడు ఆపితే, ఇది కొండబండి అన్నాడు శెట్టి. కావలివాడు చక్రాల ఎత్తు చూసి వదిలేశాడు.

ఆ తర్వాత మరొకరు చేయించుకున్నారు, ఇంకొకరు చేయించుకున్నారు. తక్కువ ఎత్తు బండ్లలో పోయేవాళ్ళకు ముందు దారి కనబడకుండా పోయింది, పక్కవాళ్ళ చక్రాలే కనబడేవి. భయపడి వాళ్ళూ ఎత్తు బండ్లే కొన్నారు. కనకాచారి దొడ్డి చాలక పక్క స్థలం తీసుకున్నాడు. పొట్టి తొట్టి బండి మాత్రం ఎవరూ అడగలేదు.

కొన్నేళ్ళకు గంగులు బండి ఇరుసు అరిగి విరిగింది. కొత్త బండి కోసం నడిచి వచ్చాడు. కనకాచారి దొడ్డంతా తిప్పి చూపించాడు. గంగులు మెత్తలు నొక్కి చూశాడు, వంగి తొట్టి కింద చూశాడు.

"ఇవి మా వాగు దాటవు ఆచారిగారూ," అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు.

కనకాచారి ముఖం చిన్నబోయింది. పాత రకమే చేసిస్తానని మాటిచ్చి పంపాడు. గంగులు వీధిలో అడుగు పెట్టాడు. అప్పుడే సోమిశెట్టి తన బండి తానే తోలుకుంటూ వస్తున్నాడు. ఆ ఎత్తు నుంచి అతనికి వీధి చివరి దాకా కనబడుతోంది. ఎడ్ల ముందున్న మనిషి కనబడలేదు. చక్రం గంగులు కాలి మీదుగా పోయింది.

సోమిశెట్టి చెడ్డవాడు కాడు. ఏడుస్తూ దూకి, గంగులును తన మెత్తల మీద పడుకోబెట్టాడు. విరిగిన ఎముక కట్టడంలో కొండమీది ముసలమ్మను మించినవారు లేరు. అక్కడికే పోదామన్నాడు. కనకాచారీ ఎక్కాడు. ఇన్నాళ్ళకు పట్నంవాళ్ళ కొండబండి ఒకటి కొండకు పోతోందని జనం చెప్పుకున్నారు.

మొదటి వాగు దగ్గరే పొడవాటి తొట్టి గట్టుకు ఆనుకుంది. తోలుపట్టీలు తెగాయి. ఎడ్లు ఎంత లాగినా బండి కదల్లేదు. గంగులు పళ్ళు బిగబట్టి, తనను దించమన్నాడు. బండి పక్కపలక ఊడదీసి, దాని మీద అతన్ని పడుకోబెట్టి, దారినపోయేవాళ్ళ సాయంతో మోసుకుపోయారు. శెట్టి కూడా ఒక కొస పట్టాడు. అతని పాదాలు బొబ్బలెక్కాయి. ముసలమ్మ కట్టు కట్టింది. కాలు వంకరగా అతుక్కుంది. కనకాచారి మాటిచ్చిన బండి చేసి పంపాడు గానీ, దాన్ని తోలే శక్తి గంగులుకు లేకపోయింది.

సోమిశెట్టికి ఆ బాధ తగ్గలేదు. ఒకరోజు కనకాచారి దగ్గరకు వచ్చి, మళ్ళీ ఇలాంటిది ఎవరికీ జరగకూడదన్నాడు. నడిచేవాళ్ళు బాగా కనబడేలా బండిలో తాను కూర్చునే పీట ఇంకో మూరెడు ఎత్తు పెంచమన్నాడు.

"పెంచితే కాదు శెట్టిగారూ, దించితే కనబడతారు."

"నేనొక్కణ్ణే దిగితే, మిగతా బండ్లవాళ్ళకు నేను కనబడను కదా ఆచారీ. నా పిల్లలు కూడా ఎక్కే బండి ఇది."

కనకాచారి ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు దొరకలేదు. చివరికి ఉలి అందుకున్నాడు.

పని ముగిశాక ఎప్పటిలాగే నడిచి ఇంటికి బయలుదేరాడు. ఆ రోజు నుంచి మాత్రం వీధి మధ్య నడవడం మానేసి, గోడవారగా ఒదిగి పోసాగాడు.