పెంటయ్య కూర్చున్నాడు

వినేవాళ్ళు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్ళు గోడకు ఆనుకోండి. ఇది ఎప్పటి మాటో నాకూ తెలియదు. గుట్ట కింద వాగు నిండుగా పారే రోజులని మా తాత చెప్పేవాడు. ఆ గుట్ట మీద ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉండేది.

చదువుకుంటే జ్ఞానం వస్తుందంటారు. దాంతోపాటు చెత్త కూడా వస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. వాడేసిన ఆమ్లాలు, పాతబడ్డ మందులు, సీసాల అడుగున మిగిలిన విషాలు. వాటిని ఎత్తడానికి ఒక మనిషి ఉండేవాడు. అతని పేరు పెంటయ్య.

నవ్వకండి. వాళ్ళమ్మకు అంతకుముందు పుట్టిన ముగ్గురు దక్కలేదు. నాలుగోవాడు పుట్టగానే చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పెంటయ్య అని పేరు పెట్టారు. చావు వచ్చి చూసి, ఇది పెంటే కదా అనుకుని వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. పేరు పెట్టాకే తల్లి ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. అలా బతికినవాడు పెద్దయ్యాక చెత్త ఎత్తే పనిలోనే చేరాడు. పేరుకు తగ్గ పని దొరికిందని అందరూ ఆటపట్టించేవాళ్ళు. పెంటయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

అతనికి అక్షరం ముక్క రాదు. అతనికంటే ముందు ఆ పని చేసినవాడు సీసాలన్నీ ఒకే పీపాలో ఒంపి, అది బుస్సున పొంగితే రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. ఆ కళ్ళు చూసినప్పటి నుంచి పెంటయ్య మూడు ప్రశ్నలు పట్టుకున్నాడు. ఏ గుమ్మం ముందు నిలబడ్డా అవే అడిగేవాడు.

"దీని పేరేంది? ఎప్పుడు పుట్టింది? ఎవలతోని పడదు?"

మొక్కల గురించి చదివే మేడమ్ దగ్గర అడిగాడు. "ఏం పెంటయ్యా, పెళ్ళి సంబంధం చూస్తున్నావా?" అందావిడ.

"లేదు మేడమ్, పడని సంబంధం తప్పిస్తున్న."

ఆవిడ నవ్వి, మూడింటికీ జవాబు చెప్పి, చీటీ మీద రాసి అంటించింది. రోగాల గురించి చదివే డాక్టరు దగ్గర అడిగాడు. ఆయన విసుక్కున్నాడు గానీ రాసిచ్చాడు. రాసిన సీసాకు పెంటయ్య గుడ్డపేలిక కట్టేవాడు. నిప్పు అంటుకునేదానికి ఎర్రది, ఒళ్ళు కాల్చేదానికి పచ్చది, ప్రాణం తీసేదానికి నల్లది. ఎర్రవి ఒక మూల, పచ్చవి ఒక మూల, నల్లవి ఒక మూల.

మూడో గుమ్మం నరహరి సారుది. రసాయనాలలో ఆయన్ను మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే బాగా ఆయనకే తెలుసు.

ఒకసారి ఆ గుట్టకు పెద్దమనుషులు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. నరహరి సారు అలమారా దులిపించాడు. వెనక నుంచి ఒక నల్ల సీసా బయటపడింది. దానిమీద చీటీ లేదు. గుమ్మం పక్కన ఎర్రగుడ్డ కట్టిన పీపా ఉంది. అందులో ఉన్నది స్పిరిట్టు. గోడకు అవతల అరవై మంది పిల్లలు పాఠం వింటున్నారు.

"దీన్ని ఆ పీపాలో పొయ్యి," అన్నాడు సారు.

"దీని పేరేంది సారూ? ఎప్పుడు పుట్టింది? ఎవలతోని పడదు?"

"పెంటకు పేరెందుకురా, పెంటయ్యా?"

"పెంట నా పేరు సారూ. నేను దాని పేరు అడుగుతున్న."

సారు మొహం ఎర్రబడింది. పెంటయ్య ఒక ముక్కాలిపీట తెచ్చుకుని సీసా పక్కన కూర్చున్నాడు. మొదటి రోజు అందరూ నవ్వారు. రెండో రోజు సారు, రేపటికల్లా పొయ్యకపోతే పనిలోకి రావద్దన్నాడు. సంగతి తెలిసి పెంటయ్య భార్య ఎల్లవ్వ గుట్టెక్కి వచ్చింది.

"ఇగో, నిన్నే. సారు పొయ్యమంటే పొయ్యరాదు? పని పోతే ఏం తింటం?"

"పేరు పెట్టినంకనే మా అవ్వ నన్ను చేతులకు తీస్కున్నది, ఎల్లీ. నేను గూడ గంతే."

మూడో రోజు సారుకు ఓపిక నశించింది. తనే సీసా తీసుకుని, మూత తిప్పి, పీపా మీదికి వంచబోయాడు. పెంటయ్య లేచి పీపా నోటి మీద అరచెయ్యి పెట్టాడు.

"నా చెయ్యితోని పడ్తదో పడదో చెప్పుండ్రి సారూ. చెప్పి పొయ్యుండ్రి."

నరహరి సారు ఆ చేతి వంక, సీసా వంక చూశాడు. అన్నీ తెలిసిన మనిషికి ఆ ఒక్కటి తెలియదు. మూత బిగించి సీసాను జాగ్రత్తగా దించాడు. గాజుకడ్డీతో ఒక్క చుక్క తీసి ఉన్నిగుడ్డ మీద వేశాడు. గుడ్డ పచ్చబడి, కాలి, చిల్లుపడింది. అది గాఢ నత్రికామ్లం. స్పిరిట్టు పీపాలో పడితే పీపా పేలేది, గోడ కూలేది, అరవై మంది పిల్లలు దాని కిందే ఉండేవాళ్ళు.

సారు నేలమీద కూలబడ్డాడు. కూర్చునే కాగితం అడిగి, ఎప్పుడు పుట్టిందో తెలియదన్న మాటతో సహా తన చేత్తో మూడు జవాబులూ రాశాడు. పెంటయ్య సీసాకు పచ్చగుడ్డ కట్టి, అప్పుడు చేతుల్లోకి తీసుకున్నాడు.

ఏళ్ళు గడిచాయి. పెంటయ్య ముసలివాడై, రెండు కళ్ళూ పది వేళ్ళూ ఉండగా, నిద్రలో పోయాడు. అది ఎంత గొప్ప చావో ఆ పని చేసేవాళ్ళకే తెలుసు. అప్పటికి తల నెరిసిన నరహరి సారు వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత ఒక చీటీ రాసి చెత్తగది తలుపుకు అంటించాడు.

పేరు: పెంటయ్య.
పుట్టింది: ఎవరికీ తెలియదు.
ఎవరితో పడదు: పేరు లేని సీసాతో.

ఇప్పటికీ ఆ గుట్ట మీద మూడు ముక్కలు రాయందే ఏ సీసా గుమ్మం దాటదు. దాన్ని పెంటయ్య చీటీ అంటారు. పేరు లేని సీసా కనబడితే పక్కన ముక్కాలిపీట వేస్తారు. పేరు తేలేదాకా ఎవరో ఒకరు కూర్చుంటారు. అలా కూర్చున్నవాళ్ళను ఆ పూటకు అందరూ పెంటయ్యా అనే పిలుస్తారు. ఎంత పెద్ద సారైనా సరే, పలుకుతాడు.