ఊరగాయ పడని విస్తరి

మఠంలో పంక్తికి ఊరగాయ వడ్డిస్తూ వస్తున్న సుంకన్న ఒక విస్తరి దగ్గర నిలబడిపోయాడు. దాని ముందు కూర్చున్నవాడు గిడ్డయ్య. పొలం గట్టు తగాదాలో సుంకన్న తమ్ముణ్ని గొడ్డలితో నరికి జైలుకు పోయినవాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది. తల వంచుకుని ఉట్టి సంగటి నములుతున్నాడు.

తమ్ముడు చనిపోయిన ఏడు, పగతో కుతకుతలాడుతూ సుంకన్న ఈ తుంగభద్ర ఒడ్డుకు వచ్చాడు. మఠం నడిపే ఎల్లమాంబ అమ్మ అతనికి మంత్రమేమీ చెప్పలేదు. బాటసారులకు పుచ్చకాయలు కోసి పెట్టగా మిగిలిన తొక్కలు ముందు పోసి, కత్తిపీట చూపించింది. పైనున్న పచ్చ చెక్కు తీసి, లోపలి తెల్లటి కండ ముక్కలు కోసి, ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి, ఆవపిండి, కారం, నువ్వులనూనె కలపడం అలా నేర్చుకున్నాడు. మొదట్లో వేళ్లు తెగేవి. పోనుపోను చెయ్యి కుదురుకుంది. ఆ జాడీ మూత తీస్తే నోరూరనివాళ్లు లేరు. తనలో పగ ఏనాడో చచ్చిపోయిందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాడు.

ఇప్పుడు గరిటె లేవలేదు. ఆ విస్తరి దాటిపోయి పక్కవాడికి వడ్డించాడు. గిడ్డయ్య అడగనూ లేదు.

పంక్తి చివర కూర్చున్న అమ్మ లేచింది. మెల్లగా నడిచొచ్చి, గిడ్డయ్య ఎదుట చతికిలబడి, అతని ఎంగిలి విస్తరిలోంచి సంగటి తుంచి నోట్లో పెట్టుకుంది.

పంక్తి మొత్తం కొయ్యబారిపోయింది. గిడ్డయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ప్రాణం తీసిన చేతి ఎంగిలి తన గురువు నోట్లో పడిందనేసరికి సుంకన్న వడ్డన ఆపేశాడు.

నంజుకోను ఏమీ లేని సంగటి అమ్మ గొంతుకు అడ్డం పడింది. దగ్గు ఆగలేదు. ముసలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరో చెంబు అందిస్తే పక్కన పెట్టేసి, మళ్లీ ఆ విస్తరిలోనే ముద్ద తుంచింది.

సుంకన్న జాడీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నిండు గరిటెతో వంగి, అంతలోనే ఆగిపోయాడు. విస్తరి చిన్నది. సంగటి ఇద్దరి వేళ్లకూ కలిసిపోయి ఉంది.

“అమ్మా, నీ పక్క యాడ వేసేది?” అని గొణిగాడు.

అమ్మ కాసేపు విస్తరిని చూసింది.

“నా పక్క ఏదో నాకూ తెలీడంలే నాయనా. నువ్వే చూసి వెయ్యి.”

సుంకన్న చూశాడు. ఎంతసేపు చూసినా తెలియలేదు. గరిటె వంచాడు. ఎర్రటి నూనె ఆకంతా పారింది.