బాతులు దాటిపోయిన చేను

"గురువుగారూ, వాళ్ళు నన్ను మోసం చేసినట్టా, చెయ్యనట్టా?" అని అడిగింది వరహాలమ్మ. అడిగిందని పేరే గాని, గొంతు ఆపరేషనయ్యాక ఆవిడకు మిగిలింది ఎండుటాకుల మీద పిల్లి నడిచినంత చప్పుడు. ఏడుపూ కోపమూ ఆ కాస్త చప్పుడులోంచే ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి రావాలి.

ఒకప్పుడు ఆవిడ తత్వం ఎత్తుకుందంటే కాలవకు ఆవలి గట్టున గేదెలు నెమరు మానేసేవి. వానమబ్బు కూడా పాట పూర్తయ్యేదాకా ఆగి, తర్వాత కురిసేది. ఆ గొంతుతో పాడిన ప్రతి పాటనూ ఆవిడ "ఊసులు" అనే ఉచిత ఫోను వేదికలో పెట్టింది. ఊసుల్లో లేనివాణ్ణి మనిషిగా లెక్కవెయ్యని రోజులవి. పెళ్ళికూతురు తాళి కట్టించుకుంటూ ఓ చేత్తో ఊసులు చూసుకునేది. పాడె మీది శవం సైతం ఊసుల్లో తనకెన్ని దండాలు పడ్డాయో చూసుకోడానికి ఓ కన్ను తెరిచేది. "ఇంట్లో కూడా దాచుకోవమ్మా" అని ఎవరైనా అంటే, "లోకమంతా వింటున్నచోట పదిలంగా ఉండక ఎక్కడికి పోతాయి?" అని వరహాలమ్మ నవ్వేసేది.

అంతలో "చిటిక" అని కొత్తది వచ్చింది. పందిట్లో పాము దూరిందన్నట్టు జనం ఊసుల్లోంచి లేచిపోయారు. ఈగలు తోలుకోవడానికి ఈగలు కూడా లేక, ఊసుల వాళ్ళు తలుపులు మూసేశారు. మూసేముందు, ఎవరి సరుకు వాళ్ళు తీసుకుపొమ్మని గడువు కూడా ఇచ్చారు. ఆ గడువు వచ్చి, గడిచిపోయినంతసేపూ వరహాలమ్మ మెడకు కట్టుతో ఆస్పత్రి మంచం మీద ఉంది. ఇంటికొచ్చి ఫోను తెరిస్తే ఏముంది? తెల్లటి అద్దం. ఆవిడ గొంతు ఇప్పుడు ఆవిడ దగ్గరా లేదు, లోకంలో మరెక్కడా లేదు.

ఆ గురువుగారు, సర్వేశ్వరయ్యగారు, కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. ప్రశ్న పడగానే చెప్పులు వెతుక్కుంటారు. "రామ్మా" అని ఆవిణ్ణి కాలవ కింద, కోతలైన చేలలోకి తీసుకెళ్ళారు.

అక్కడ బంగార్రాజుగారి చేలో పోలయ్య బాతుల మంద దిగి ఉంది. ఆకాశంలో చుక్కలన్నీ రాలి కాళ్ళు మొలిపించుకున్నాయా అన్నన్ని బాతులు. తలలు బురదలో, తోకలు గాల్లో పెట్టి, రాలుగింజల కోసం పెళ్ళిభోజనాల్లో జనంలా కలబడుతున్నాయి. ఓ మూల వల కట్టిన దొడ్డిలో తెల్లవారగట్ల అవి పెట్టిన గుడ్లను పోలయ్య అప్పటికే బుట్టల్లోకి ఏరేశాడు.

"మా గింజలు తిని నీ బాతులు కుండల్లా అయ్యాయిరా పోలయ్యా. నా బుట్ట ఏదీ?" అన్నారు గట్టు మీది రాజుగారు.

"బాగుందండి రాజుగోరూ! పురుగు తిన్నాయా, చేనంతా ఎరువేశాయా? తమరే నాకు కోడిని కోసి పెట్టాలండి."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకుని, తలో బుట్టా పంచుకున్నారు. అప్పటికి చేలో గింజ అయిపోయింది. పోలయ్య వల చుట్టబెట్టి గట్టిగా కేకేశాడు. మంద మొత్తం ప్రళయమొచ్చినంత గోలతో గట్టెక్కి పక్కచేలోకి జారిపోయింది.

ఒక్క బాతు మాత్రం వెళ్ళలేదు. దొడ్డి ఉన్నచోటికి తిరిగొచ్చి, గడ్డిని ముక్కుతో అటూ ఇటూ కెలుకుతోంది. ఇంకా వెచ్చగా ఉందేమో, ఆ గుంటలోనే రొమ్ము ఆనించి కూర్చుంది.

"తీసెయ్యరా దాన్ని! చేను దున్ని దమ్ము చెయ్యాలి!" అని రాజుగారు అరిచారు. ట్రాక్టరు అప్పటికే చేలోకి దిగింది.

వరహాలమ్మ చీర చూసుకోలేదు, మోకాలిలోతు బురద చూసుకోలేదు. పరుగెత్తి బాతును ఎత్తుకుంది. అది చేతిని కసిదీరా పొడిచింది. అయినా వదలకుండా గుండెలకు అదుముకుని పోలయ్య దగ్గరికి తెచ్చింది.

"దీని గుడ్డు దీనికి ఒక్కటి ఇవ్వు నాయనా."

ఆ గుసగుస వినడానికి పోలయ్య ఆవిడ నోటి దగ్గరికి చెవి తేవాల్సొచ్చింది. విని, పొట్ట పట్టుకు నవ్వాడు. "బుట్టలో పడ్డాక ఏది దేనిదో బెమ్మదేవుడు కూడా చెప్పలేడు అమ్మగోరూ! దింపెయ్యండి దాన్ని. రేపు మళ్ళీ పెడద్ది."

వరహాలమ్మ చెయ్యి తనంతట తనే మెడ మీది కుట్ల దగ్గరికి పోయింది. రెండో చేతిలోంచి బాతు జారి పక్కచేలో పడింది. ఒకసారి రెక్కలు దులుపుకుని, వెనక్కి చూడనైనా చూడకుండా ముక్కు బురదలో పెట్టింది.

వరహాలమ్మ కొంగుతో చేతి బురద తుడుచుకుని గురువుగారి వైపు తిరిగింది. అదే ప్రశ్న మళ్ళీ ఆ ఎండుటాకుల చప్పుడుతోనే అడిగింది.

"మేత ఉచితమన్నారు, ఉచితంగానే పెట్టారు" అన్నారు సర్వేశ్వరయ్యగారు. "మోసమని ఎలా అనమంటావమ్మా?"