పిలుపు గుమ్మం

మొగలిదిబ్బ ప్రార్థన మందిరానికి వచ్చే భక్తులు బస్సు దిగాక రొయ్యల చెరువుల గట్టు వెంబడి సముద్రం వైపు నడవాలి. ఆటోలు ఉన్నాయి గానీ, వానాకాలంలో గట్టు మీది బురదకు భయపడి సగం దారిలోనే దింపేస్తారు. చెరువులు అయిపోయిన చోట మొగలిపొదలు మొదలవుతాయి. వాటిని దాటగానే ఇసుకదిబ్బ మీద వెల్ల వేసిన చిన్న మందిరం కనబడుతుంది. దానికి శిఖరం లేదు, గంట లేదు. గుమ్మానికి ద్వారబంధం ఉంది గానీ తలుపు లేదు. కొత్తగా వచ్చినవారు తలుపును మరమ్మతుకు పంపారేమో అనుకుంటారు. మంచి టేకు తలుపు మేమే చేయించి పెడతామని పెద్దమనసుతో ముందుకొచ్చినవారూ లేకపోలేదు. సంఘపెద్దలు అందరికీ దండం పెట్టి వద్దనే చెప్పారు.

ఆ ద్వారబంధానికి కుడివైపున, మనిషి నోటి ఎత్తులో, తుప్పుపట్టిన మేకు ఒకటి దిగి ఉంటుంది. దాన్ని చేత్తో తాకి, ఒక మనిషి పేరు పైకి పిలిచి, లోపలినుంచి జవాబు వచ్చాకనే అడుగు పెట్టడం ఇక్కడి ఆచారం. ఎవరితో మాటలు లేవో వారి పేరే పిలవాలి. అందరితోనూ బాగున్నవారు ఊరికే మేకు తాకి లోపలికి వెళ్ళవచ్చు. అలాంటివారు ఇంతవరకు తక్కువమందే వచ్చారు.

పూర్వం ఇక్కడ ఫిలేమోను అనే వడ్రంగి ఉండేవాడు. పడవలు, మంచాలు, గుమ్మాలు, శవపేటికలు, ఏ చెక్కపని అయినా ఆయన చేతిమీదుగానే జరిగేది. చేయి ఎంత ధారాళమో నోరు అంత పొదుపు. పని చేసేటప్పుడు మేకులు నోట్లో పెట్టుకునే అలవాటు ఉండటంతో, పలకరించినవారికి కనుబొమ్మలతోనే బదులిచ్చేవాడు. ఆయన భార్య దీనమ్మ మాత్రం ఇద్దరి వాటా మాటలూ తానే మాట్లాడేది. వారికి లేకలేక పుట్టిన కొడుకు ఎలీషా.

ఎలీషాకు ఉలి మీద కంటే వల మీద మోజు. బర్నబా సరంగు పడవ ఎక్కితే వాడికి అన్నం కూడా గుర్తుండేది కాదు. సరంగు అంటే పడవ నడిపించే పెద్ద. బర్నబా, ఫిలేమోను ఒకే ఇసుకలో ఆడుకుని పెరిగినవారు. ఒకనాడు సముద్రం పోటుమీద ఉంటే, కొడుకును పంపనని ఫిలేమోను గట్టిగా అన్నాడు. బర్నబా నవ్వి, "నేను లేనేంటి మేస్త్రీ? పొద్దు వాలకముందే తెచ్చి నీ గుమ్మంలో దింపుతాను" అని మాట ఇచ్చాడు. పొద్దు వాలేసరికి పడవలో బర్నబా ఒక్కడే తిరిగి వచ్చాడు.

తడిబట్టలతోనే వచ్చి ఫిలేమోను వాకిట్లో నిలబడి ఏదో చెప్పబోయాడు. ఫిలేమోను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బర్నబా చాలాసేపు అలాగే నిలబడి, చివరికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత వారిద్దరి మధ్య మాట లేదు. మందిరంలో ఫిలేమోను ముందు వరుసలో కూర్చుంటే, బర్నబా అందరూ కూర్చున్నాక వచ్చి చివర గోడ పక్కన కూర్చునేవాడు. ప్రార్థన ముగుస్తూనే లేచి వెళ్ళిపోయేవాడు.

కొడుకు శవం దొరుకుతుందేమోనని ఫిలేమోను రోజూ ఒడ్డు వెంట తిరిగేవాడు. శవం దొరకలేదు. ఒకరోజు పెద్ద టేకు దుంగ ఒకటి ఇసుకలో కూరుకుపోయి కనబడింది. ఏ ఓడలోంచి పడిందో, ఎంత దూరం కొట్టుకొచ్చిందో తెలియదు. కొడుకును తీసుకుని కర్రముక్క ఇచ్చావా అని ఆయన దాని మీద పడి ఏడ్చాడని చెబుతారు. ఏడ్చి ఏడ్చి, ఈ దుంగతో నీ మందిరానికి తలుపు చేస్తానని దేవునికి మొక్కుకున్నాడు. అప్పటికి మందిరానికి తాటాకు తడికే తలుపు.

ఆ తలుపు మీద ఆయన ఏళ్ళ తరబడి పనిచేశాడు. అంతటా ద్రాక్షతీగ పాకించాడు. తీగ కింద చేపలు చెక్కాడు. అన్నిటికంటే కింద, ఎవరూ అంతగా చూడని మూలలో, చిన్న పడవలో కూర్చున్న పిల్లవాణ్ణి చెక్కాడు. చూసినవారు మేస్త్రి భక్తిని మెచ్చుకున్నారు. నిజానికి అందులో భక్తి ఎంతో, పగ ఎంతో ఆయనకే తెలియదు. ఉలి మీద వేసిన ప్రతి దెబ్బకూ బర్నబా మొహమే కళ్ళముందు కనబడేది.

తలుపును గుమ్మానికి బిగించారు. క్రిస్మస్‌నాడు దాన్ని ప్రతిష్ఠించాలనుకున్నారు. ఈలోగా ఉప్పెన వచ్చింది.

ఊరు ఊరంతా ఎత్తుమీదున్న మందిరంలోకి చేరి తలుపు మూసుకుంది. గాలి ఎంత గుద్దినా ఆ తలుపు చెక్కుచెదరలేదు. తెల్లవారి గాలి తగ్గాక బయటికి వస్తే ఇళ్ళు లేవు, వలలు లేవు, తాటితోపు నేలమట్టమై ఉంది. ఊరికీ ఉప్పుమళ్ళకీ మధ్యనున్న పాయ సముద్రమంత వెడల్పైంది. ఉప్పుమళ్ళలో కూలికి వెళ్ళినవారు, పిల్లాపాపలతో సహా, అవతలి గుల్లలదిబ్బ మీద చిక్కుకుపోయారు. వారి చుట్టూ నీళ్ళే. తాగడానికి గుక్కెడు లేదు. చేతులు ఊపడం ఇవతలి ఒడ్డుకు కనబడుతూనే ఉంది.

మిగిలిన పడవ ఒక్కటే, అది బర్నబాది. దాని అడుగు చెట్టుమొద్దుకు కొట్టుకుని పగిలిపోయింది. పడిపోయిన చెట్లు పచ్చివి, కోసి పలకలు చేసేలోపు అవతలివారు బతకరు. ఎండిన గట్టి చెక్క ఊరు మొత్తానికి మందిరం తలుపు ఒక్కటే ఉంది.

ఆ మాట అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి దీనమ్మే అడిగింది.

"ఏవయ్యా, ఆ తలుపు ఊడదీస్తే పడవ నడవదా?"

"అది దేవుడి సొత్తు. నాది కాదు ఇవ్వడానికి" అన్నాడు ఫిలేమోను.

"దేవుడికి తలుపెందుకయ్యా? అక్కడ పసిపిల్లలు నాలికలు పిడచగట్టి చస్తున్నారు."

"ఆ పడవకా? ఆ పడవకా ఇమ్మంటున్నావు?"

దీనమ్మ వెనక్కి తగ్గింది. ఆ కొడుకు ఆమెకూ కొడుకే. సంఘంలో కొందరు ఫిలేమోను పక్షమే పలికారు. ఇది మనల్ని కాపాడిన తలుపని, దేవునికి ఇచ్చింది తిరిగి తీసుకుంటే శాపం తగులుతుందన్నారు. పిరికితనానికి భక్తి మాటలు బాగా అతుకుతాయి. మందిరంలో వాక్యం చెప్పే ఉపదేశి తీతు గారు మాత్రం, "మేస్త్రీ, నన్ను అడక్కు, ఊరిని అడక్కు. ఆయన్నే అడుగు" అని చెప్పి ఊరుకున్నారు.

ఫిలేమోను తలుపుకు నుదురు ఆనించి మోకాళ్ళూనాడు. తుపాను అలసటకు అలాగే కన్ను మూతపడింది. కలలో ఎవరూ కనబడలేదు. మాట మాత్రం దగ్గరనుంచి, పక్కన పనిచేసే మనిషి చెప్పినంత మామూలుగా వినబడింది. "ఈ చెక్కలు బర్నబాకు ఇవ్వు. పేరు పెట్టి పిలిచి, నీ నోటితో మాట్లాడి ఇవ్వు."

మెలకువ వచ్చాక ఆయన ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. బందులు విప్పి తలుపు దించాడు. ఏళ్ళ తరబడి చెక్కిన పలకలను తన రంపంతో తానే కోశాడు. చూస్తున్న ఆడవాళ్ళు ఏడ్చారు, ఆయన ఏడవలేదు. చెప్పిందాంట్లో సగం అలా చేశాడు. మిగతా సగం పడవ దగ్గర చేద్దామనుకున్నాడు.

పడవ దగ్గర బర్నబా ఒక్కడే ఉన్నాడు. ఫిలేమోను పలకలు దింపి, మేకులు నోట్లో పోసుకుని పనికి దిగాడు. నునుపు వైపు నీటికి, చెక్కడం వైపు లోపలికి వచ్చేలా పలకలు పరిచాడు. బర్నబా పలక కదలకుండా పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ పక్కపక్కనే ఉన్నాయి. చివరి పలక, పిల్లవాడున్న పలక, వచ్చినప్పుడు బర్నబా దాని మీద చేయి వేసి ఆపాడు.

"మేస్త్రీ, ఆవేళ ఏం జరిగిందో ఒక్కసారి చెప్పనియ్యి. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అను నన్ను."

ఫిలేమోను తన నోటిలోని మేకులను వేలితో చూపించాడు. మేకులుంటే ఎలా మాట్లాడతాను అన్నట్టు. బర్నబా తల ఊపి పలక పట్టుకున్నాడు. ఒక్కొక్క మేకే తగ్గుతూ వచ్చింది. పని అయిపోయింది. ఇంకా ఒక మేకు నోట్లోనే ఉంది. దాని అవసరం లేదు, ఎక్కడా కొట్టాల్సిన పని లేదు. అయినా ఫిలేమోను దాన్ని తీయలేదు. తిరిగొచ్చాక మాట్లాడొచ్చులే అనుకున్నాడు. బర్నబా కాసేపు ఎదురుచూసి, పడవను నీళ్ళలోకి తోసుకుని వెళ్ళిపోయాడు.

బర్నబా అవతలికి మంచినీళ్ళ కుండలు తీసుకెళ్ళాడు. ఇవతలికి పిల్లలను, బాలింతలను, ముసలివారిని తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తెచ్చాడు. దిగినవారికి దిక్కు చూపి, ఒడ్డు మీద కాలు పెట్టకుండానే పడవ తిప్పుకునేవాడు. ఫిలేమోను ప్రతిసారీ ఒడ్డుదాకా వచ్చేవాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డు ఉండేవారు, లేదా ఉన్నట్టు ఆయనకు అనిపించేది. దిబ్బ మీద నడవలేని ముసలాయన ఒకరు మిగిలిపోయారని తెలిసి బర్నబా చివరిసారి వెళ్ళాడు. అప్పటికి సముద్రం మళ్ళీ లేచింది. పాయ సముద్రంలో కలిసే మొగలో పడవ ఒకసారి పైకి లేవడం ఒడ్డున ఉన్నవారంతా చూశారు. ఆ తరువాత పడవ కనబడలేదు. బర్నబా గానీ, ముసలాయన గానీ, తలుపు చెక్క ఒక్కటి గానీ తిరిగి ఒడ్డుకు రాలేదు.

అప్పుడు ఫిలేమోను నోరు తెరిచి "బర్నబా" అని పిలిచాడు. గొంతు చినిగేదాకా పిలిచాడు. పిలుస్తుంటే నోట్లోని మేకు ఇసుకలో పడింది.

పడవలో వచ్చిన ఒక బాలింత ఆయనతో మరో మాట చెప్పింది. "సరంగు గారు తన పైగుడ్డ తీసి పడవ అడుగున ఒక మూల కప్పారు మేస్త్రి గారూ. అక్కడ మాత్రం కాళ్ళు పెట్టకండమ్మా, పిల్లాడున్నాడు అన్నారు. మేము తొక్కలేదు." ఫిలేమోను ఆ మాట విని అక్కడే కూలబడ్డాడు. ఆయన్ను ఇంటికి మోసుకెళ్ళాల్సి వచ్చింది.

ఊరు కుదుటపడ్డాక సంఘం కర్ర తెచ్చి ఇంకో తలుపు చేయమంది. ఫిలేమోను చేయనన్నాడు. "దేవుడు నాకు రెండు మాటలు చెప్పాడు. ఒక్కటి విని, అంతా విన్నాననుకున్నాను" అని, ఇసుకలో వెతికి తెచ్చుకున్న మేకును ద్వారబంధానికి కొట్టాడు. ప్రతి ఆదివారం దాన్ని పట్టుకుని బర్నబా పేరు పిలిచేవాడు. జవాబు వచ్చేది కాదు. గుమ్మం దాటకుండా బయట ఇసుకలోనే కూర్చుని వాక్యం వినేవాడు. తలుపు లేదు కాబట్టి అంతా వినబడేది.

ఆ తరువాత ఆయన పరిశుద్ధుడైపోయాడని ఈ ఊళ్ళో ఎవరూ చెప్పరు. పొద్దున ప్రార్థనలో మనసుకు ఏది తోచితే అది పొద్దుగూకేలోపు పూర్తిగా చేయడం నేర్చుకున్నాడని మాత్రమే చెబుతారు. మొదట్లో అదీ చేతకాలేదు. బర్నబా భార్య మార్తమ్మ ఇంటి కప్పు బాగుచేసి, ఆమెతో మాట్లాడకుండానే బయలుదేరి, సగం దారిలో ఆగిపోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. "అమ్మా, నీ భర్తను నేను పలకరించకుండా పంపాను" అన్నాడు. మార్తమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఫిలేమోను ఒకప్పుడు బర్నబాకు చేసిన పనే అది. ఆయన చాలాసేపు ఆ వాకిట్లో నిలబడి వచ్చాడు. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాడు. అలా వెళుతూనే ఉన్నాడు. ఒకనాటి సులువు మరునాడు ఉండేది కాదు. అయినా కొద్దికొద్దిగా మనిషి మెత్తబడ్డాడు. నోట్లో మేకులు పెట్టుకోవడం మానేశాడు. దారిన పోయేవారిని తానే ముందు పలకరించేవాడు.

జుట్టు పూర్తిగా నెరిశాక ఒక ఆదివారం ఆయన ఎప్పటిలాగే మేకు తాకి, "బర్నబా" అని పిలిచి, కూర్చోవడానికి ఇసుక వైపు తిరిగాడు. లోపల ఆడవాళ్ళ వరుసలోంచి మార్తమ్మ గొంతు వినబడింది.

"రా అన్నయ్యా, లోపలికి రా. ఆయనుంటే ఈ మాటే అనేవాడు."

ఫిలేమోను గుమ్మం పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. లోపలికి వెళ్ళి, ముందు వరుసకు పోకుండా, చివర గోడ పక్కన బర్నబా కూర్చునే చోట కూర్చున్నాడు. ఆ చోటు నేటికీ ఖాళీగా ఉంచుతారు.

అప్పటినుంచి ఈ గుమ్మం ఆచారం సాగుతోంది. అన్నదమ్ములు, అత్తాకోడళ్ళు, విడిపోయిన స్నేహితులు ఇక్కడికి వస్తారు. ఒకరు ముందుగా లోపలికి వెళ్ళి కూర్చుంటారు. రెండవవారు మేకు తాకి పిలుస్తారు. "రా" అనే మాట వినబడితే సంఘమంతా లేచి నిలబడుతుంది. వినబడని రోజులే ఎక్కువ. పిలిచి జవాబు రానివారి కోసం బయట ఇసుకలో చాపలు వేసి ఉంటాయి. మందిరంలో చోటు మిగిలిన ఆదివారాలలో కూడా ఆ చాపలు నిండే ఉంటాయి. వాటి మీద కూర్చున్నవారికీ లోపలివారితో పాటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షారసం అందుతాయి.

ఇక్కడ మొక్కుకుంటే ఉద్యోగం వస్తుందని, సంతానం కలుగుతుందని మేము చెప్పలేము. చెప్పింది పూర్తిగా వినే మనసు దొరుకుతుందని, అది ఒక్కరోజులో దొరకదని, ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆరాధన ఆదివారం ఉదయం జరుగుతుంది. మంచినీళ్ళు వెంట తెచ్చుకోండి. ఎవరి పేరు పిలవాలో ఆ మనిషిని కూడా వెంటబెట్టుకుని రండి, వారు బతికి ఉండగానే.